గుంపు పేరా, మనిషి పేరా? సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో తడబెట్టే ఇంగ్లిష్ మాటలు

ఒంగోలులోనో నెల్లూరులోనో ఏ కోచింగ్ సెంటర్ మెట్ల మీద పది నిమిషాలు నిలబడినా సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పడుతున్న గొంతులు వినిపిస్తాయి. ఇంటర్వ్యూ రేపో ఎల్లుండో ఉంటుంది, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంటుంది, ఆ కాగితంలో ఉండేవి ఇంచుమించు ఈ వాక్యాలే: ‘మై నేటివ్ ఈజ్ కందుకూర్. వుయ్ ఆర్ ఫోర్ మెంబర్స్ ఇన్ అవర్ ఫ్యామిలీ. అవర్ ఫాదర్ ఈజ్ ఫార్మర్. ఐ యామ్ అలుమ్నై ఆఫ్ జెడ్పీ హైస్కూల్. అవర్ ఇంగ్లిష్ ఫ్యాకల్టీ ఈజ్ వెరీ గుడ్. వన్ ఆఫ్ మై ఫ్రెండ్ టోల్డ్ ఎబౌట్ యువర్ కంపెనీ.’

ఆరు వాక్యాలూ అర్థమవుతాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆరింటిలోనూ ఏదో ఒకచోట ఇంగ్లిష్ చెవికి రాయి తగులుతుంది. ఆ రాయి తగిలే చోటు చూస్తే ప్రతిసారీ ఒక్కటే: ‘నేను ఫలానా ఊరివాణ్ణి, ఫలానా ఇంటివాణ్ణి, ఫలానా బడివాణ్ణి’ అని చెప్పే చోటు. టెన్సులు తప్పు పోలేదు, స్పెల్లింగులు తప్పు పోలేదు. ఒక మనిషి ఒక గుంపుకు చెందినవాడని చెప్పే నామవాచకం దగ్గరే బండి ఆగిపోతోంది. దీనికి కారణం తెలివి తక్కువై కాదు, చదువు సరిపోక కాదు. ఈ ఒక్క విషయంలో తెలుగు నడిచే దారి వేరు, ఇంగ్లిష్ నడిచే దారి వేరు.

తెలుగులో మనిషిని చెప్పే మాటకు తోక ఉంటుంది. స్నేహితుడు, స్నేహితురాలు, స్నేహితులు. ఊరివాడు, ఊరావిడ, ఊరివాళ్ళు. తోక చూడగానే ఒకరా పదిమందా, మగా ఆడా తెలిసిపోతుంది. అంతటితో ఆగదు: నేను రైతుని, నువ్వు రైతువి, మేము రైతులం, మీరు రైతులు అని మాట చివరే ‘నేను’, ‘నువ్వు’, ‘మేము’ కూడా అతుక్కుంటాయి. ఇంగ్లిష్ మాటకు ఇంత తోక లేదు, మహా అయితే ఒక ‘ఎస్’, కొన్నిటికి అదీ లేదు. అందుకని అక్కడ మాటను చూస్తే సరిపోదు, ఆ మాట గుంపు పేరా, గుంపులో ఒక మనిషి పేరా అన్నది ముందే తెలిసి ఉండాలి. ఇది ఎవరూ విడిగా కూర్చోబెట్టి చెప్పరు, వ్యాకరణం పుస్తకంలో కలెక్టివ్ నౌన్ అని ఒక పేజీ వస్తుంది, సింహాల గుంపును ‘ప్రైడ్’ అంటారని నేర్పిస్తారు, స్టాఫ్ గురించీ పోలీస్ గురించీ మాత్రం మాట్లాడరు.

మొదటి వాక్యం ‘మై నేటివ్’. తెలుగులో ఊరు అడిగితే ‘మాది కందుకూరు’ అంటాం. ఎంత చక్కని వాడుక ఇది. ‘మాది’ అంటే మాకున్నది, మా ఊరు, మా చోటు. వాక్యంలో మనిషి కనపడడు, ఊరే కనపడుతుంది. ఈ ‘మాది’కి ఇంగ్లిష్‌లో జోడు మాట వెతికితే దొరికింది ‘నేటివ్’. కానీ ఇంగ్లిష్‌లో నేటివ్ నామవాచకమైతే అది మనిషి పేరు, చోటు పేరు కాదు. అక్కడ పుట్టినవాడు అని అర్థం. పుట్టుకను చెప్పే లాటిన్ మాట నుంచి వచ్చింది. కాబట్టి ‘మై నేటివ్ ఈజ్ కందుకూర్’ అంటే, తెలియనివాళ్ళకు, కందుకూర్ అనే మనిషి మా స్థానికుడు అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. ‘ఐ యామ్ ఎ నేటివ్ ఆఫ్ కందుకూర్’ అంటే తప్పు లేదు. ‘ఐ యామ్ ఫ్రమ్ కందుకూర్’ అంటే ఇంకా హాయి. ‘ఐ బిలాంగ్ టు కందుకూర్’ కూడా మన దేశంలో చెల్లుతుంది గానీ, బయటివాళ్ళ చెవికి అది పొలమో పుస్తకమో ఒకరి సొత్తయినట్టు ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఇంకోటి ఉంది. ‘ఎ నేటివ్ ఆఫ్’ అని వెనకాల ఊరి పేరు ఉన్నంతసేపు ఆ మాట మర్యాదగానే ఉంటుంది. ఊరు తీసేసి ఉత్త ‘ది నేటివ్స్’ అంటే దాని రంగు మారిపోతుంది, తెల్లవాళ్ళు ఈ దేశంలో ఉన్నప్పుడు ఇక్కడివాళ్ళనందరినీ ఒక్క గాటన కట్టి పిలిచిన పిలుపు అది. మద్రాస్ సైన్యంలో మనవాళ్ళుండే పటాలాలకు నేటివ్ ఇన్‌ఫంట్రీ అనే పేరు. ఒకే మాట, వెనకాల ‘ఆఫ్’ ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి.

అన్నట్టు కందుకూరు ఉదాహరణ ఊరికే తీసుకున్నది కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లా, తర్వాత ఆ కొత్త జిల్లాలోకి పోయింది, దానికే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. ఇల్లు కదలకుండానే ఒక మనిషి జిల్లా మారుతూ వచ్చింది. ‘మాది కందుకూరు’ అన్న వాక్యం మాత్రం అన్ని కాలాల్లోనూ అలాగే నిలబడింది.

రెండో వాక్యం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ మొత్తం చిక్కు అంతా అందులోనే ఉంది. ‘వుయ్ ఆర్ ఫోర్ మెంబర్స్ ఇన్ అవర్ ఫ్యామిలీ.’ దీని కింద ఉన్న తెలుగు వాక్యం వినండి: ‘మా ఇంట్లో నలుగురం.’ నాలుగు అనే అంకె మనిషి దగ్గరికి వచ్చేసరికి నలుగురు అయింది, ఆ నలుగురిలో నేనూ ఉన్నాను కాబట్టి ‘నలుగురం’ అయింది. మేజాలు నాలుగు, కుర్చీలు నాలుగు, మనుషులు మాత్రం నలుగురు. ఏడెనిమిది దాటితే ‘మంది’ వస్తుంది: పది మంది, ఇరవై మంది. ఈ ‘మంది’ మనుషుల్ని లెక్కపెట్టడానికి మాత్రమే ఉన్న మాట. ఇంగ్లిష్‌లో ఇలాంటిది లేదు. లేని చోట ఏదో ఒకటి పెట్టాలి కదా, అందుకని ‘మంది’ ఉన్న చోటల్లా ‘మెంబర్స్’ పెట్టేశాం. పెళ్ళికి ఐదొందల మెంబర్స్ వచ్చారు, షేర్ ఆటోలో ఎనిమిది మెంబర్లం ఎక్కాం, బస్సులో నలభై మెంబర్లు నిలబడి ఉన్నారు. తెలుగు మాట్లాడుతున్నప్పుడు ఇందులో ఏ ఇబ్బందీ లేదు, మెంబర్ ఇప్పుడు తెలుగు మాటే. ఇంగ్లిష్‌లోకి తిరిగి పోయినప్పుడే పేచీ.

ఇంగ్లిష్‌లో మెంబర్ అంటే మొదట ఒంట్లో ఒక అవయవం. లాటిన్ మూలం అదే, కాలో చెయ్యో అని అర్థం. అవయవానికి ఒళ్ళు ఉండాలి. మెంబర్‌కు సంఘమో క్లబ్బో కమిటీయో ఉండాలి, చేరడం ఉండాలి, పేరు రాసుకున్న చిట్టా ఉండాలి. పెళ్ళికి వచ్చిన ఐదొందల మంది ఏ ఒంటికీ అవయవాలు కారు, వాళ్ళు ‘పీపుల్’ లేదా ‘గెస్ట్స్’. ఆటోలో ఎక్కిన ఎనిమిది మంది ‘ప్యాసింజర్స్’. డ్వాక్రా సంఘంలో ఉన్న పది మంది మాత్రం అచ్చంగా మెంబర్లే. సంఘానికి పేరుంది, తీర్మానం పుస్తకం ఉంది, నెలనెలా పొదుపు ఉంది. 1990ల మొదట్లో సారా వద్దని దూబగుంట నుంచి మొదలై నెల్లూరు జిల్లా అంతా లేచిన ఆడవాళ్ళ పోరాటం, దాని వెంటే ఊరూరా వచ్చిన పొదుపు సంఘాలు గుర్తున్న వాళ్ళకు ‘గ్రూపు మెంబరు’ అనే మాటకు ఉన్న బరువు వేరే చెప్పనక్కర్లేదు. కానీ అక్కడ కూడా ‘వుయ్ ఆర్ టెన్ మెంబర్స్’ కంటే ‘దేర్ ఆర్ టెన్ ఆఫ్ అజ్ ఇన్ ది గ్రూప్’ అన్నదే ఇంగ్లిష్ నడక. ఇంటి విషయమూ అంతే: ‘దేర్ ఆర్ ఫోర్ ఆఫ్ అజ్ ఇన్ మై ఫ్యామిలీ.’ ఈ ‘ఆఫ్ అజ్’ను గమనించండి, ‘నలుగురం’ చివర ఉన్న సున్నా చేసే పనే అది చేస్తోంది, మమ్మల్ని కూడా కలుపుకుని అని. తెలుగుకు ఎక్కడో దూరంగా ఉందనుకున్న ఇంగ్లిష్ వాక్యమే నిజానికి దగ్గరిది. ‘మెంబర్స్’ పెట్టిన వాక్యమే రెండిటికీ దూరం.

మెంబర్ వెనకాల వచ్చే చిన్న మాటలు కూడా మనల్ని ఏడిపిస్తాయి. తెలుగులో కమిటీలో సభ్యుడు, సైన్యంలో ఉన్నాడు, టీమ్‌లో ఉన్నాడు, స్టాఫ్‌లో ఉన్నాడు, అన్నిటికీ ‘లో’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో మెంబర్ అని అంటే ‘ఆఫ్ ది కమిటీ’, మెంబర్ అనే మాట తీసేస్తే ‘ఆన్ ది కమిటీ’, సైన్యమైతే ‘ఇన్ ది ఆర్మీ’, స్టాఫ్ అయితే ‘ఆన్ ది స్టాఫ్’, టీమ్ దగ్గర అమెరికావాళ్ళు ‘ఆన్’ అంటారు, ఇంగ్లండ్‌వాళ్ళు ఎక్కువగా ‘ఇన్’ అంటారు. వీటికి సూత్రం వెతక్కండి, విని పట్టుకోవాల్సిందే.

‘అవర్ ఫాదర్ ఈజ్ ఫార్మర్’లో రెండు తగాదాలున్నాయి. ఒకటి ‘అవర్’. అన్నదమ్ములు లేని ఒక్కగానొక్క కొడుకు కూడా తెలుగులో ‘మా నాన్న’ అనే అంటాడు, ‘నా నాన్న’ అంటే ఏదోలా ఉంటుంది. ఇల్లు, ఊరు, అమ్మ, మొగుడు, పెళ్ళాం అన్నీ మనకు ‘మా’. ఇది ఆస్తి చెప్పడం కాదు, నేను ఫలానా ఇంటికి చెందినదాన్ని అని చెప్పడం. ‘మా ఆయన’ను ఎవరూ ‘అవర్ హస్బెండ్’ అనరు, అక్కడ ఎవరికైనా తట్టి ఆగిపోతారు. నాన్న దగ్గరికి వచ్చేసరికి తట్టదు. ఇంగ్లిష్‌లో ‘అవర్ ఫాదర్’ అని ఒక్క మనిషి అంటే పక్కన తోబుట్టువులు నిలబడి ఉండాలి, లేదంటే అది చర్చిలో ప్రార్థన మొదలు. ఇంటర్వ్యూలో ‘మై ఫాదర్’ అంటే సరిపోతుంది, నాన్న మీద ప్రేమ ఏమీ తగ్గదు.

రెండోది ‘ఫార్మర్’ ముందు ఉండాల్సిన ‘ఎ’. మార్కాపురం పలక మీద ఎ ఫర్ యాపిల్ దిద్దిన రోజు నుంచి ఆ అక్షరం మనకు అక్షరంగానే తెలుసు, మాటగా తెలియదు. తెలుగులో ‘మా నాన్న రైతు’ నిండు వాక్యం. ‘మా నాన్న ఒక రైతు’ అంటే అనువాదం వాసన కొడుతుంది. ఇంగ్లిష్‌లో ఒక మనిషిని ఒక వర్గంలో చేర్చేటప్పుడు ఆ ‘ఎ’ తలుపు గొళ్ళెం లాంటిది, అది తీస్తేనే లోపలికి పోతాడు: ‘ఎ ఫార్మర్’, ‘ఎ టీచర్’, ‘ఎ వీవర్’. అయితే విశేషణమైతే ‘ఎ’ అక్కర్లేదు. ‘షీ ఈజ్ ఇండియన్’ అన్నా ‘షీ ఈజ్ యాన్ ఇండియన్’ అన్నా తప్పు లేదు, మొదటిదాంట్లో ఇండియన్ ఒక గుణం, రెండోదాంట్లో ఒక ముద్ర. తేడా సన్నమే గానీ ఉంది.

ఈ గుణం, ముద్ర అనే తేడా జబ్బుల దగ్గర బాగా తెలుస్తుంది. తెలుగులో ‘ఆమెకు షుగర్ ఉంది’ అంటాం, షుగర్ ఆమె దగ్గర ఉన్న ఒక సంగతి. ‘ఆమె షుగర్ పేషెంట్’ అనేసరికి మనిషే షుగర్ అయిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘షీ హ్యాజ్ డయాబెటిస్’కూ ‘షీ ఈజ్ ఎ డయాబెటిక్’కూ ఉన్న దూరం అదే. వ్యాకరణం రెండిటినీ ఒప్పుకుంటుంది, ఈ మధ్య రాసేవాళ్ళు మొదటిదాన్నే ఎంచుకుంటున్నారు, అది మంచి ఎంపిక కూడా.

ఇప్పుడు ఫ్యాకల్టీ. మన కాలేజీల్లో ఫ్యాకల్టీ అంటే ఒక లెక్చరర్. ‘మ్యాథ్స్ ఫ్యాకల్టీ ఇవాళ రాలేదు’, ‘కొత్త ఫ్యాకల్టీ స్ట్రిక్ట్’. అమెరికాలో ఫ్యాకల్టీ అంటే ఆ కాలేజీలో పాఠం చెప్పే అందరూ కలిసి. ఇంగ్లండ్‌లో అయితే ఎక్కువగా ఆర్ట్స్, లా, మెడిసిన్ లాంటి విభాగం పేరు. రెండు చోట్లా అది గుంపు పేరే, మనిషి పేరు కాదు. అందుకని ‘అవర్ ఇంగ్లిష్ ఫ్యాకల్టీ ఈజ్ వెరీ గుడ్’ అంటే అవతలివాడు మీ ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని మెచ్చుకుంటున్నారనుకుంటాడు. పాపం ఆ ఒక్క మాస్టారికి దక్కాల్సిన పొగడ్త పదిమందికి పంచినట్టు అవుతుంది. ‘అవర్ ఇంగ్లిష్ టీచర్’ అంటే ఆయనకే చేరుతుంది.

స్టాఫ్ కూడా ఇదే కుటుంబం. ‘ఐ యామ్ ఎ స్టాఫ్ హియర్’ అనకూడదు, ‘స్టాఫ్స్’ అని ఒక ఆఫీసులో ఉన్నవాళ్ళను అనకూడదు. స్టాఫ్ అంటే మొదటి అర్థం చేతికర్ర, కాబట్టి ‘త్రీ స్టాఫ్స్’ అంటే ముందు తట్టేది మూడు కర్రలు. ఇంగ్లండ్‌లో ‘ఎ మెంబర్ ఆఫ్ స్టాఫ్’, అమెరికాలో ‘ఎ స్టాఫ్ మెంబర్’. చూశారా, మెంబర్ అసలు పని ఇక్కడే ఉంది. గుంపు పేరులోంచి ఒక మనిషిని బయటికి తీయడానికి ఇంగ్లిష్ వాడే గరిటె అది. క్రూ మెంబర్, ఫ్యామిలీ మెంబర్, ‘ఎ మెంబర్ ఆఫ్ ది పబ్లిక్’. గుంపు పేరు ముందో వెనకో లేకుండా ఉత్త గరిటెను మాత్రం మనం ఊరంతా వాడుతున్నాం, గరిటె కావాల్సిన చోట వదిలేస్తున్నాం.

పోలీస్ సంగతి ఇంకా చిక్కు. ‘ఒక పోలీసు వచ్చాడు’ మంచి తెలుగు. పోలీసాయన, పోలీసోళ్ళు, అన్నీ బాగున్నాయి. ఇంగ్లిష్‌లో ‘ఎ పోలీస్ కేమ్’ లేదు, ‘పోలీసెస్’ లేదు, ‘ది పోలీస్ ఈజ్’ కూడా వినపడదు. ‘ది పోలీస్ హ్యావ్ కమ్’, ‘ది పోలీస్ ఆర్ ఎట్ ది డోర్’. ‘ఎస్’ లేకుండానే బహువచనం. ఒక్కడైతే ‘ఎ పోలీస్ ఆఫీసర్’, కానిస్టేబుల్ అయినా సరే. ఇది ఎంత అసహజంగా ఉంటుందో తెలియాలంటే మన ‘జనం’ మాటను తీసుకోండి. ‘జనం వచ్చారు’ అంటాం, బహువచనం తోక లేకపోయినా క్రియ బహువచనమే. ‘ఒక జనం వచ్చాడు’ అని మూడేళ్ళ పిల్ల కూడా అనదు. ‘ఎ పోలీస్ కేమ్’ అన్నది ఇంగ్లిష్ చెవికి సరిగ్గా ‘ఒక జనం వచ్చాడు’ లాగే ఉంటుంది. ఇది ఒక్కసారి చెవిలో పడితే ఆ తప్పు మళ్ళీ నోట రాదు.

ఈ జాబితాలో మన జిల్లాకు బాగా దగ్గరి మాట ఒకటుంది: క్యాటిల్. ఒంగోలు గిత్త పేరు ప్రపంచానికి తెలుసు, బ్రెజిల్ వాళ్ళు అదే జాతిని నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అని పిలుచుకుంటారు, ఒక ‘ఎల్’ తగ్గించి. ఈ జాతి గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మనవాళ్ళే ‘యాన్ ఒంగోల్ క్యాటిల్’ అని రాస్తుంటే బాధేస్తుంది. క్యాటిల్ ఎప్పుడూ బహువచనమే, ఒక క్యాటిల్ అంటూ ఉండదు, రెండు క్యాటిల్స్ అంటూ ఉండదు. ఒకటైతే అది ఆవో ఎద్దో తేల్చి చెప్పాలి, ‘యాన్ ఒంగోల్ బుల్’, ‘యాన్ ఒంగోల్ కౌ’. లెక్క చెప్పాల్సి వస్తే ‘ట్వెంటీ హెడ్ ఆఫ్ క్యాటిల్’, అక్కడ హెడ్‌కు కూడా ‘ఎస్’ పెట్టరు. మనకు ‘గొడ్డు’, ‘గొడ్లు’ అని తేలిగ్గా ఉంది, ఆ తేలిక అక్కడ లేదు. క్యాటిల్ అంటే పాత అర్థం ఆస్తి, క్యాపిటల్ అనే మాటకు చుట్టం. పశువులే సొమ్ము అయిన రోజుల మాట, మనం ‘గొడ్డూ గోదా’ అన్నట్టు.

అలుమ్నై గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది బహువచనం, ఒక్కరు అలుమ్నై కాలేరు. ఒక్కడైతే అలుమ్నస్, ఒక్కతే అయితే అలుమ్నా. పైగా స్కూలు గురించి చెప్పేటప్పుడు ఇంత లాటిన్ అవసరమా, ‘ఐ స్టడీడ్ ఎట్ జెడ్పీ హైస్కూల్’ అంటే నిండుగా ఉంటుంది. ఆ మాట అసలు అర్థం మాత్రం అందమైనది, అన్నం పెట్టి పెంచుకున్న బిడ్డ అని. ‘పూర్వ విద్యార్థి’లో ఆ తడి లేదు.

టీమ్ విషయంలో మనం అదృష్టవంతులం. ‘ఇండియా గెలిచింది’ అంటాం, ‘గెలిచారు’ అనం. జట్టు మనకు ఒక వస్తువు, ఏకవచనం. అమెరికా ఇంగ్లిష్ కూడా దాదాపు ఇంతే. ఇంగ్లండ్ ఇంగ్లిష్‌లో, క్రికెట్ కామెంటరీలో, ‘ఇండియా ఆర్ బ్యాటింగ్’ అని వినపడుతుంది, పదకొండు మందినీ చూస్తూ అన్న మాట అది. రెండూ సరైనవే. ఒకే పేరాలో ఒకసారి అదీ ఒకసారి ఇదీ రాయకుండా ఉంటే చాలు.

‘ది రిచ్’, ‘ది పూర్’ లాంటివి ఇంకో రకం. గుణాన్నే గుంపు పేరు చేసేస్తారు, ఎప్పుడూ బహువచనం. ‘ఎ పూర్ కేమ్’ అనడానికి లేదు, ‘ఎ పూర్ మ్యాన్’ అనాలి. పేద, పేదవాడు, పేదలు అని మనకు మెట్లు మెట్లుగా ఉన్నాయి, వాళ్ళకు మధ్య మెట్టు లేదు. ‘ది అక్యూజ్డ్’ మాత్రం దీనికి మినహాయింపు, కోర్టులో ముద్దాయి ఒక్కడైనా పదిమందైనా అదే మాట, క్రియను బట్టి తెలుసుకోవాలి. 2023 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలి సలహాల్లో భాగంగా ఇలా ‘ది’ పెట్టి మనుషుల్ని మూటగట్టే మాటలు వద్దని చెబుతూ, ‘ది పూర్’, ‘ది డిజేబుల్డ్’ పక్కన ‘ది ఫ్రెంచ్’ను కూడా చేర్చింది. ప్రపంచమంతా నవ్వింది. అమెరికాలోని ఫ్రెంచ్ రాయబార కార్యాలయం ట్విట్టర్‌లో తన పేరు కొద్దిసేపు ‘ఎంబసీ ఆఫ్ ఫ్రెంచ్‌నెస్’ అని మార్చుకుంది. ఏజెన్సీ ఆ పోస్టు తీసేసింది. నవ్వు నవ్వే గానీ సలహాలో పస ఉంది. తమకు తాము పెట్టుకున్న పేరుకూ, ఇతరులు తగిలించిన పేరుకూ తేడా ఉంటుంది, ఫ్రెంచ్‌వాళ్ళకు ‘ది ఫ్రెంచ్’ గర్వం, వికలాంగులందరికీ ‘ది డిజేబుల్డ్’ అలా ఉండదు.

ఇతరులు తగిలించిన పేరు అంటే ఏమిటో తెలుగువాళ్ళకు బాగా తెలియాలి. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసులోని ఇంగ్లిష్‌వాళ్ళు తెలుగువాణ్ణి ‘జెంటూ’ అన్నారు, తెలుగు భాషనూ జెంటూ అన్నారు. క్రైస్తవుడు కానివాడు అనే అర్థంలో పోర్చుగీసువాళ్ళు వాడిన ‘జెంటియో’ నుంచి వచ్చిన మాట అది. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ అచ్చు వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే ‘తెలూగూ భాష, సాధారణంగా జెంటూ అనబడేది’ అనే అర్థం వచ్చే మాటలున్నాయి. మన భాషకు మనం పెట్టుకున్న పేరు ముందు, వాళ్ళ వాడుక తర్వాత. అలాగని మన చేతులు శుభ్రమేమీ కాదు. నెల్లూరు దాటి దక్షిణానికి పోతే వచ్చేవాళ్ళను మనం ‘అరవోళ్ళు’ అంటాం, తమిళులు తమను ఆ పేరుతో పిలుచుకోరు.

మరి ఇవాళ ఒక తెలుగు మనిషి తనను ఇంగ్లిష్‌లో ఏమనుకోవాలి? కన్నడం మాట్లాడేవాడికి కన్నడిగ ఉంది, మలయాళం మాట్లాడేవాడికి మలయాళీ ఉంది, భాష పేరు వేరు మనిషి పేరు వేరు. తెలుగుకి ఇంగ్లిష్‌లో అలా రెండు లేవు. తమిళానికి ‘తమిళియన్’ ఉంది, ‘ఎ తమిళ్’ అనేది కూడా పత్రికల్లో బాగా అలవాటైపోయింది. ‘తెలుగూస్’ అని బహువచనం కూడా పత్రికల్లో కనిపిస్తుంది, ఇబ్బంది లేదు. ‘ఐ యామ్ ఎ తెలుగు’ అని ఏకవచనంలో మాత్రం ఇప్పటి చెవికి కుంటుతుంది. ‘ఐ యామ్ తెలుగు’ అని విశేషణంగా వాడితే చక్కగా నిలబడుతుంది, భాష గురించే చెప్పాలంటే ‘ఎ తెలుగు స్పీకర్’. ఊళ్ళ విషయంలోనూ ఇంతే: హైదరాబాదీ, ఢిల్లీఐట్, ముంబైకర్ అని పెద్ద నగరాలకు పేర్లు స్థిరపడ్డాయి, ఏ ఊరికి ఏ తోక అన్నదానికి సూత్రం లేదు. నెల్లూరుకు స్థిరపడలేదు. ‘నెల్లూరోళ్ళం’ అనే మాటలో ఉన్న ఠీవి ‘పీపుల్ ఫ్రమ్ నెల్లూర్’లో రాదు, కానీ కొత్త తోక అతికించి చెప్పడం కంటే అదే మేలు.

చివరి వాక్యం ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’. ఇది తెలుగు వల్ల వచ్చిన తప్పు అని అందరూ అంటారు, పూర్తిగా నిజం కాదు. ‘నా ఫ్రెండ్స్‌లో ఒకడు’ అనేటప్పుడు తెలుగులో కూడా బహువచనమే వాడతాం, ‘నా ఫ్రెండ్‌లో ఒకడు’ అని ఎవరూ అనరు. అసలు తలలో ఉన్న వాక్యం వేరు: ‘మా ఫ్రెండ్ ఒకడు చెప్పాడు.’ అక్కడ ఫ్రెండ్ ఏకవచనమే, ఒకడు పక్కనే ఉన్నాడు, లెక్క సరిపోయింది. ఆ వాక్యాన్ని ‘వన్ ఆఫ్’ అనే అచ్చులో పోసేసరికి ‘ఎస్’ జారిపోయింది. దానికి సరిగ్గా సరిపోయే ఇంగ్లిష్ అచ్చు ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్’. ఎంతమంది ఫ్రెండ్స్ ఉన్నారన్నది పక్కన పెట్టి, ఒకడున్నాడు అని మాత్రం చెప్పే మాట.

ఆ వాక్యంలోనే ‘కంపెనీ’ ఉంది. దాని తోబుట్టువు కంపానియన్, లాటిన్‌లో పానిస్ అంటే రొట్టె, కంపానియన్ అంటే ఒక రొట్టె పంచుకు తిన్నవాడు. ఫెలో అనే మాట ఇంకా దూరం నుంచి వచ్చింది, పాత నార్స్ భాషలో ‘ఫే’ అంటే పశువులు, సొమ్ము. తన సొమ్ము మరొకరి సొమ్ముతో కలిపి పెట్టిన భాగస్తుడు ఫెలో. మనం ‘వాడొక ఫెలో’ అని తీసిపారేస్తాం, యూనివర్సిటీలో అదే మాట గౌరవం. నెల్లూరులో మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు వచ్చిన వాళ్ళు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె. కోరిక తీరినవాళ్ళు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు అడిగి పుచ్చుకుంటారు, ముక్కూ మొహం తెలియని ఇద్దరి మధ్య ఒక రొట్టె చేతులు మారుతుంది. కంపానియన్ అనే మాటను పిల్లలకు చెప్పాలంటే డిక్షనరీ కంటే ఆ చెరువు గట్టే తేలిక.

ఇంటర్వ్యూ కాగితంలో ఆ వాక్యాన్ని ఇలా దిద్దుకుంటే సరిపోతుంది: ‘ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్ టోల్డ్ మీ ఎబౌట్ యువర్ కంపెనీ.’ ‘టోల్డ్’ పక్కన ‘మీ’ మరిచిపోవద్దు, అది లేకపోతే ఆ ఫ్రెండ్ ఎవరికి చెప్పాడో తెలియదు.